వంతెన దగ్గరి క్లినిక్‌కి వెయ్యని దారి

బావగారికి,

ఆఫీసులో అందరి ముందూ అనలేక ఇలా రాస్తున్నాను.

రోగుల వివరాలున్న క్లౌడ్‌కి బయటి ఇంటర్నెట్‌తో పనిలేకుండా మన ఆసుపత్రి నెట్‌వర్క్ లోపలినుంచే సొంత దారి వేశాం. మంచి పనే. కానీ వంతెన దగ్గరి మన క్లినిక్‌కి ఆ దారి ఇంకా వెయ్యలేదు, అందాకా ఇంటర్నెట్ మీదుగా వెళ్ళే పాత దారి మూయొద్దని నెత్తీనోరూ బాదుకున్నాను. మీరు ఆసుపత్రిలోని మీ గదిలో ఆ వివరాల పేజీ తెరిచి చూసి, "ఇక్కడ వస్తోందిగా, అక్కడా వస్తుంది" అని మూయించారు.

మర్నాడు క్లినిక్‌లో నర్సు ఎంత ప్రయత్నించినా పేజీ తెరుచుకోలేదు. వైద్యానికి అక్కడికొచ్చిన ముసలాయనకు ఏ మందు పడదో అందులోనే ఉంది. డాక్టరు ఆ ఇంజెక్షనే ఇచ్చాడు. ఆయన మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు నర్సే చూడలేదని రాసి నన్ను సంతకం పెట్టమంటున్నారు. ఉద్యోగం ఇప్పించింది మీరే, కాదనను. కానీ చెయ్యి రావడం లేదు. పాత దారి తెరిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని దాన్నింకా మూసే ఉంచారు.

నిన్న అక్క ఫోన్ చేసింది. పాపకి జ్వరమని ఆ క్లినిక్‌కి బయల్దేరితే, "అక్కడికొద్దు, ఇక్కడికే తీసుకురా" అన్నారట మీరు.

అక్కడ వరసలో కూర్చున్న మిగతావాళ్ళకి ఆ మాట ఎవరు చెప్తారు బావగారూ?

మీ బావమరిది