పాత ముక్కలు నాకే పంపుండ్రి

ఇంద్రేశం,
శనివారం.

పటాన్‌చెరుల గ్యాస్ పొయ్యిలు బాగుచేసే తాజ్ మొహమ్మద్ గారికి, ఇంద్రేశంల కర్రీ పాయింట్ నడిపే రాధమ్మ నమస్కారం పెట్టి అడిగేది ఏమనంగ,

ఫోన్ ఉండంగ ఉత్తరం ఎందుకు అనుకుంటున్నరేమో. ఫోన్‌ల మీరు "అచ్ఛా అచ్ఛా" అంటరు, రేపు అడిగితే "నేనెప్పుడన్న" అంటరు. కాయితం మీద ఉంటే ఎవరన్న మాట వాళ్ల నెత్తి మీదనే ఉంటది. మా ఆయన నర్సింహ బండి మీద తెచ్చిస్తడు. జవాబు కూడ ఆయన చేతికే ఇయ్యుండ్రి. కని మడిచి పిన్ను కొట్టి ఇయ్యుండ్రి, ఆయన చదువుతడు.

మా మూడు బర్నర్ల పొయ్యికి ఉన్న రోగం ఒక్కటే. పెద్ద బర్నర్ మంట సన్నగ వస్తుండె. మీ బిల్లు చూస్తే రెండు ఇత్తడి బర్నర్లు ఏడు వందలు, వాల్వు రెండు వందల ఎనభై, రబ్బరు పైపు నూట తొంభై, మజూరి రెండు వందల యాభై. ఒక్కటి బాగలేదంటే రెండు ఎందుకు మారినయి? పైపు ముచ్చట నేను తీయనే లేదు. ఈ పైసలకు ఇంకిన్ని కలిపితే కొత్త పొయ్యే ఇంటికొస్తది.

నేను పిసినారిదాన్ని కాదు. మా ఆయన కంపెనీ మూతబడ్డ కాడికెళ్లి మా ఇల్లు నడిచేది ఈ పొయ్యి మీదనే. వచ్చే శుక్రవారం సుల్తాన్‌పూర్‌ల సూదులు, సిరంజీలు చేసే కంపెనీ నుంచి పద్మావతి మేడం నా వంట తిని చూడనికి వస్తది. నచ్చిందంటే ఆ కంపెనీ పనోళ్లందరి పగటి అన్నం నాదే. నచ్చలేదంటే శివమ్మకు పోతది. శివమ్మ ఎవరో మీకు తెల్వదు, తెల్వకపోవుడే మంచిది.

బిల్లు కట్టిన. కని మీరు తీసేసిన పాత ముక్కలు అన్ని నాకే పంపుండ్రి. నేను చూడాలె.

ఇట్లు,
పైసలు పోయిన రాధమ్మ.

తా.క. పాత ముక్కలు లేవంటే అవి ఇంకొకరి పొయ్యిల మండుతున్నయని అర్థం చేసుకుంట.

•

పటాన్‌చెరు,
ఆదివారం.

రాధమ్మ గారికి తాజ్ మొహమ్మద్ సలాం.

నేను దుకాణం పెట్టిన తర్వాత బిల్లుకు జవాబుగా ఉత్తరం రావడం ఇదే మొదలు. మా ఆవిడ అనీస్ బేగం చదివి చాలాసేపు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను సర్కారు బడిలో తెలుగు మీడియం చదివాను. కలం పట్టుకుంటే ఇప్పటికీ మా సారు బెత్తం గుర్తొస్తుంది, అందుకే ఇలా పుస్తకంలో ఉన్నట్టు రాస్తాను. తప్పులుంటే క్షమించండి.

పెద్ద బర్నర్ చిల్లులు అరిగి, పూడిపోయి ఉన్నాయి. దాని పక్కది పగిలింది. వాల్వు తిప్పితే గ్యాస్ పూర్తిగా ఆగడం లేదు. పైపును ఎలుక కొరికింది. మీరు అడగలేదు కదా అని వదిలేస్తే, తర్వాత అడగడానికి మీరు మిగలాలి కదా. నేను ఎవరి పొయ్యికీ పాత సామాను వేయను. తీసిన ముక్కలన్నీ బియ్యం సంచిలో కట్టి నర్సింహ గారికిచ్చాను. చూసుకోండి.

మీ మేలు కోరే,
తాజ్ మొహమ్మద్.

తా.క. రెండు బర్నర్ల మీదా పాల మరకలు రాయిలా పట్టుకున్నాయి. పాలు పొంగినప్పుడు వెంటనే తుడిస్తే బర్నర్లు ఇంకొన్నేళ్లు వచ్చేవి.

•

ఇంద్రేశం,
ఆదివారం సాయంత్రం.

తాజ్ మొహమ్మద్ గారికి రాధమ్మ రాసేది,

సంచి అందింది. ముక్కలు నావి కావు.

ఎట్ల తెల్సిందంటే మీరే దొరికిపోయిండ్రు. పాల మరకలు అన్నరు. మా ఇంట్ల పాలు పొంగవు. పొద్దున నేను కూరగాయలకు మార్కెట్ పోతే పాలు మా ఆయన చూసుకుంటడు. ముక్కలు ముందట పెట్టి అడిగిన. "నా జన్మల పొంగనియ్యలే" అన్నడు. అంటే ఇవి ఇంకెవరో పాలు సక్కగ కాసుకోరాని మనిషివి. నా మంచి బర్నర్లు ఎక్కడున్నయో ఆ పైవానికే తెల్వాలె.

మా ఇంట్ల గిన్నె, గంటె, చెంబు ఊరంత తిరిగొచ్చినా నా ఇంటికే వస్తయి. ఎందుకంటే అన్నిటి మీద పేరుంటది. బర్నర్‌కు నోరు లేకపాయె, పేరు లేకపాయె. అదే మీకు కలిసొచ్చింది.

ఇట్లు,
అన్ని చూస్తున్న రాధమ్మ.

తా.క. ఆ ఒక్క మాట అని మా ఆయన చెప్పులేసుకొని బయటికి పోయిండు. మీ మీద ఆయనకు కూడ అనుమానమే ఉన్నట్టుంది.

•

పటాన్‌చెరు,
సోమవారం.

రాధమ్మ గారికి,

మీ మాట నాకు నొప్పి కలిగించింది. దొంగ సామాను వేసేవాడినైతే ఈ పాటికి ఇంద్రేశంలో రెండు ప్లాట్లు కొని ఉండేవాణ్ని. ఇప్పటికీ కిరాయి దుకాణంలోనే ఉన్నాను.

నర్సింహ గారు మీ ఉత్తరం నా చేతికిచ్చి, స్టూలు మీద కూర్చుని, చాయ్ తాగి, ఒక మాట చెప్పారు. "తాజ్ భాయ్, గిది మాత్రం రాయకు, నీ కాళ్లు మొక్కుత" అన్నారు. మాటిచ్చాను కాబట్టి రాయడం లేదు.

ఇకముందు గొడవ లేకుండా ఒక ఉపాయం చెబుతాను. నా మీద నమ్మకం లేకపోతే, ఇప్పుడు వేసిన కొత్త సామాను మీద మీకు తెలిసేలా ఏదైనా గుర్తు పెట్టుకోండి. అప్పుడు ఏది ఎవరిదో తేలిపోతుంది.

ఇట్లు,
తాజ్ మొహమ్మద్.

తా.క. నర్సింహ గారి మీద కోప్పడకండి. ఎందుకు కోప్పడాలి అని కూడా నన్ను అడగకండి.

•

ఇంద్రేశం,
బుధవారం పొద్దున.

తాజ్ మొహమ్మద్‌కు,

మా ఆయనకు మీకు నడుమ ఏం నడుస్తుంది? నాకు అర్థమైంది. కమీషన్. మొన్న పటాన్‌చెరు నుంచి వచ్చిన మనిషి నోట్ల మిర్చీల వాసన. జేబుల పైసలెక్కడియి అంటే "తాజ్ భాయ్ తినిపిచ్చిండు" అన్నడు. నా బిల్లుల నుంచి నా మొగనికి మిర్చీలు. ఇగ ఆయన చేతికి కాయితం ఇయ్య. ఈ ఉత్తరం కూరగాయల ఆటోల పంపుతున్న.

మీరు చెప్పినట్టే సోమవారం సాయంత్రమే గుర్తు పెట్టిన. ఎక్కడ పెట్టిన్నో, ఏం పెట్టిన్నో చెప్ప. చెప్తే మీరు గట్లాంటిదే ఇంకోటి తయారు చేస్తరు.

ఇప్పుడు అసలు ముచ్చట. నిన్నటి నుంచి పెద్ద బర్నర్ మంట ఒక దిక్కే లేస్తుంది. అది గూడ పసుపు లెక్క పచ్చగ. గిన్నె అడుగు బొగ్గు లెక్క అయింది. అన్నం ఒక దిక్కు మెత్తగ, ఒక దిక్కు పలుకు. కొత్త బర్నర్ అంటిరి, ఏ డూప్లికేట్ అంటగట్టిండ్రో. జల్దీ ఒరిజినల్ పంపుండ్రి. ఇది మాత్రం వాపస్ ఇయ్య. ఇది నా సాక్ష్యం. బియ్యం డబ్బాల దాచిపెడుత.

ఇట్లు,
రాధమ్మ.

తా.క. నా గుర్తు కడిగితే పోయేది కాదు, రుద్దితే పోయేది కాదు. మీరు పరేషాన్ కావాల్సిందే.

•

పటాన్‌చెరు,
బుధవారం మధ్యాహ్నం.

రాధమ్మ గారికి,

కొత్త బర్నర్ పంపిస్తున్నాను, పైసలు వద్దు. పంపే ముందు దాన్ని మా దుకాణం పొయ్యికి బిగించి నా చేతులతో చాయ్ పెట్టాను. నీలం మంట, చుట్టూ సమానంగా వచ్చింది. చాయ్ కూడా బాగుంది.

నాకు ఇప్పుడు ఒక అనుమానం మొదలైంది. నా దగ్గర నీలంగా మండే బర్నర్ మీ ఇంటికి రాగానే పచ్చగా ఎందుకు మండుతుంది? మధ్యలో ఏం జరుగుతోంది? మీరు పంపమన్న కొత్త బర్నర్లు ఆ శివమ్మ గారి పొయ్యి మీదికి పోవడం లేదు కదా? ఎవరినీ ఏమీ అనడం లేదు. అడుగుతున్నాను. పాడైందన్న బర్నర్ చూపిస్తే అర నిమిషంలో చెబుతాను. మీరేమో బియ్యం డబ్బాలో దాచానంటున్నారు.

ఇట్లు,
కమీషన్ ఇవ్వని తాజ్ మొహమ్మద్.

తా.క. మిర్చీలు నిజమే. ఆయన ముఖం చూసి జాలేసి పెట్టించాను.

•

ఇంద్రేశం,
గురువారం.

తాజ్ భాయికి,

శివమ్మకు నేను బర్నర్ ఇస్తనా? శివమ్మకు నేను నిప్పు గూడ ఇయ్య.

మీరు పంపినది నిన్న సాయంత్రం ఆటోల దిగంగనే బిగించిన. మంచిగనే మండింది, నేను గూడ నీలం రంగు చూసిన, అబద్ధం చెప్ప. తర్వాత దాన్ని ఊడదీసి గుర్తు పెట్టిచ్చుకొచ్చి మల్ల బిగించిన. ఇగ గదే కత. ఒక దిక్కే మంట, కింది నుంచి గూడ జెర జెర మంట వస్తుంది. మా ఆయన దగ్గరికి పోనిస్తలేడు, "కాలుతది, ఆపెయ్" అని వాల్వు బంద్ చేసి నిలబడ్డడు.

రేపు శుక్రవారం. పద్మావతి మేడం పగటికల్లా వస్తది. పప్పు, వంకాయ కూర, పచ్చి పులుసు, అన్నం అని మాటిచ్చిన. మిగిలిన చిన్న బర్నర్ల మీద ఇవన్ని ఎట్లయితయి? మీరు మోసం చేసిండ్రో లేదో తర్వాత చూద్దాం. నాకు భయమైతుంది భాయ్. ఈ ఆర్డర్ పోతే మా ఆయన మల్ల పని కోసం బొంతపల్లి కంపెనీల గేట్ల ముందట నిలబడాలె. ఈ వయసుల ఆయనను ఎవరు తీసుకోరు. ఆ సంగతి ఆయనకు తెల్సు, నాకు తెల్సు, ఇద్దరం మాట్లాడుకోం.

ఏదన్న చెయ్యుండ్రి.

ఇట్లు,
రాధమ్మ.

తా.క. ఈ ఉత్తరం మల్ల మా ఆయన చేతికే ఇచ్చిన. పిన్ను కొట్టలే. చదువుకోనీ.

•

పటాన్‌చెరు,
గురువారం సాయంత్రం.

రాధమ్మ చెల్లెలికి,

ఆటోలో వస్తున్నది మా ఇంటి పొయ్యి. అద్దం పొయ్యి, పోయిన రంజాన్‌కు కొన్నది. అనీస్ బేగం దాన్ని రోజుకు రెండుసార్లు తుడుస్తుంది, నన్ను ముట్టుకోనివ్వదు. మీ ఉత్తరం చదివి వినిపించగానే తనే ఊడదీసి, "ముందు గిది పంపు, మనం రెండు దినాలు బయట తిందాం" అంది. రేపు దీని మీద వండండి.

మీ పొయ్యిని ఇదే ఆటోలో పంపండి. బియ్యం డబ్బాలోని సాక్ష్యంతో సహా పంపండి. దొంగను నేనే అయినా సాక్ష్యం చూసే హక్కు నాకుంటుంది.

ఇట్లు,
తాజ్ మొహమ్మద్.

తా.క. అద్దం మీద వేడి గిన్నె దించవద్దని అనీస్ బేగం నాతో మూడుసార్లు రాయించబోయింది. ఒకసారే రాశాను.

•

పటాన్‌చెరు,
శుక్రవారం.

రాధమ్మ చెల్లెలికి,

మీ పొయ్యి, మీ సాక్ష్యం అందాయి. బర్నర్ పైనుంచి చూస్తే ఏ లోపమూ లేదు. తిరగేశాను. తిరగేసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసి, అనీస్ బేగంను పిలిచి చూపించాను.

ఇత్తడి బర్నర్ కింది అంచు, దాని కిందున్న గొట్టం మీద సమానంగా కూర్చోవాలి. వెంట్రుకంత సందు ఉన్నా గ్యాస్ అక్కడి నుంచి తప్పించుకుంటుంది, మంట ఒక పక్కకు పోతుంది, పచ్చగా మండుతుంది. సరిగ్గా ఆ అంచు మీద, చుట్టూ, ఉలితో గట్టిగా కొట్టి "కె. రాధమ్మ, భర్త నర్సింహ, కర్రీ పాయింట్, ఇంద్రేశం" అని రాసి ఉంది. ప్రతి అక్షరం దగ్గరా ఇత్తడి లేచింది. బర్నర్ మీ పేరు మీద కూర్చుంది చెల్లెమ్మా, గొట్టం మీద కూర్చోలేదు. బుధవారం నేను పంపిన రెండో బర్నర్ మీద కూడా ఇదే చిరునామా ఉంది.

గుర్తు పెట్టుకోమన్నది నేనే. సుద్దముక్కతో గీస్తారనుకున్నాను. కాబట్టి తప్పులో సగం నాది. కొత్త బర్నర్లు వేశాను, బిల్లు లేదు.

ఇంకో మాట. నర్సింహ గారు ఇప్పుడు నా పక్కనే ఉన్నారు, రాయమన్నారు. పాలు రోజూ పొంగాయట. ఫోన్‌లో కబడ్డీ చూస్తుంటే తెలియలేదట. మీకు చెప్పడానికి ధైర్యం చాలలేదట. మీ వంట ఎలా జరిగిందో ఆయన చెప్పడం లేదు, "ఆమెనే రాస్తది" అంటున్నారు.

మీ అన్న,
తాజ్ మొహమ్మద్.

తా.క. అక్షరాలు మాత్రం చాలా అందంగా ఉన్నాయి. ఎవరు కొట్టారు?

•

ఇంద్రేశం,
ఆదివారం.

తాజ్ అన్నకు, అనీస్ వదినెకు రాధమ్మ దండం పెట్టి రాసేది,

ఆర్డర్ నాదే. పద్మావతి మేడం వంకాయ కూర రెండుసార్లు వేయించుకున్నది. అన్నం మెతుకు మెతుకు విడిగ, మల్లెపూల లెక్క వచ్చింది. సోమవారం నుంచి సుల్తాన్‌పూర్‌కు డబ్బాలు పోతయి, మా ఆయననే తీసుకపోతడు. శివమ్మ నిన్న మా గల్లీల నుంచి పోకుంట చుట్టు తిరిగి పోయింది.

మిమ్ములను దొంగ అన్న. తప్పయింది అన్నా. మనసుల పెట్టుకోకుండ్రి. ఆ పాల ముక్కలు నావే. మా ఆయనను ఏమనలే. పొద్దున పాలు ఇగ నేనే కాస్తున్న, కబడ్డీ ఆయన ఖాళీ చేతులతోని చూస్తున్నడు.

అక్షరాలు కొట్టింది స్టీల్ సామాన్ల దుకాణంల లింగం. మంచి పనోడు. మీ పొయ్యి వాపస్ పంపేముందు నాకు ఒక ఆలోచన వచ్చింది. గింత మంచి చేసిన వదినెకు నేను ఏమియ్యాలె? చీర పెడితే చినుగుతది. పేరైతే ఎన్నటికి ఉంటది. బర్నర్ కింద కొట్టద్దని మీరు చెప్పిండ్రు కద, నాకు యాదికున్నది. ఆ జోలికే పోలే. అందరికి కనవడేటట్టు ముందట, నల్లటి అద్దం మీద "అనీస్ బేగం" అని కొట్టుమన్న. లింగం వద్దన్నడు. నేనే కొట్టుమన్న.

‘అ’ దాక మంచిగనే వచ్చింది.

కొత్త అద్దం ఎంతయితదో రాయుండ్రి, మొదటి డబ్బాల పైసలు రాంగనే కడుత. ఎంత రాస్తే గంత, అడగ. పొయ్యి, అద్దం పొడి రెండు వేరే వేరే కట్టి మా ఆయనతోని పంపుతున్న.

మీ చెల్లె,
రాధమ్మ.

తా.క. పాత ముక్కలు నాకు పంపకుండ్రి. మీ దగ్గరనే ఉండనియ్యుండ్రి, నాకు నమ్మకమే.