మనవాడి పాట

ఆదివారం రాత్రి, ఎమ్మిగనూరు

మామ నేసిన చీరను ఆన్‌లైన్ వేలంలో పెట్టింది నేనే, చెడగొట్టిందీ నేనే.

నిన్న ఒకావిడ మంచి ధరకే పాడింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. మా వీధి వినాయకుడి లడ్డూ వేలంలో మనవాళ్లే నాలుగు పాటలు పెంచి ఊపు తెస్తారు కదా, ఆ పాడు అలవాటు నాది. ఆదోనిలో ఉన్న నా స్నేహితుడు రఫీకి ఫోన్ చేసి ఇంకొంచెం పెంచమన్నాను. వాడు పెంచగానే ఆవిడ తప్పుకుంది. గడువు ముగిసేసరికి చీర రఫీకే మిగిలింది.

పొద్దున సైటు వాళ్ల మెసేజ్ వచ్చింది. అమ్మేవాళ్ల తరఫు మనిషి పాడకూడదట. అమ్మకం రద్దు చేసి నా ఖాతా ఆపేశారు. పైగా రఫీ పాడిన ధర మీద కమీషన్ నేనే కట్టాలట. అన్నీ నిబంధనల్లో ఉన్నాయట. చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కినప్పుడు ఎంత ధీమా నాకు!

మధ్యాహ్నం చెప్పేద్దామనే మామ ఇంటికి వెళ్లాను. మగ్గం గుంతలోంచే అడిగాడు.

"నిన్న పాడిందంటివే, ఆయమ్మే తీసుకునిందా అప్పా?"

"ఊఁ" అన్నాను.

"యా ఊరామె?"

"బెంగళూరు." ఎక్కడినుంచి ఊడిపడిందో ఆ ఊరు.

"నన్ను సూడల్యా, చీర ముట్టి సూడల్యా. ఎట్ల నమ్మిందో సూడు! ఆయమ్మకు ఇంగోటి నేస్తా, దీనికంటే బాగుండాల."

అప్పుడే అత్తను కేకేసి పడుగుకు నూలు తీయమన్నాడు.

చీర నా మంచం కింద ఉంది.