పండుకున్న రాయి

భద్రాచలం,
24 నవంబరు 1989.

మిత్రుడు వెంకటనారాయణకు,

బసవపున్నయ్య నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ నా మోకాళ్ళూ ఒకరినొకరం భరిస్తూ బతికే ఉన్నాం. సత్తుపల్లిలో నువ్వూ, సుశీలమ్మా, నీ రైసు మిల్లూ క్షేమమని తలుస్తాను.

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కవరు తెచ్చి దేవుడి పటం వెనక పెట్టి, మరిచిపోయినట్టు నటించాను. దేవుడు నమ్మాడు గానీ నాకే నమ్మకం కుదరలేదు.

నువ్వేమో డిసెంబరు ఏడున హైస్కూల్లో ముఖ్య అతిథినని, జెండా రోజు చరిత్ర, విశిష్టత రాసి పంపమన్నావు. మిలటరీలో అన్నేళ్ళు ఉండి, ఆ రోజు మనలాంటివాళ్ళ కోసమే పెట్టారని తెలిసీ, ఏం మాట్లాడాలో తెలియదా నీకు? నాకూ తెలియదులే. నేను సొంతంగా చదివి నేర్చుకున్నదంతా ఎనభయ్యారు వరదలో గోదావరి పట్టుకుపోయింది. పుస్తకాల పెట్టె తేలుతూ పోతుంటే గట్టున నిలబడి చూశాను. ఈపాటికి ధవళేశ్వరం దగ్గర ఏ చేపో నాకంటే పండితురాలై ఉంటుంది.

గుర్తున్నది రాస్తున్నాను. స్వతంత్రం వచ్చాక, 1949లో, ఢిల్లీలో ఒక కమిటీ కూర్చుని ఏటా డిసెంబరు ఏడు సాయుధ దళాల పతాక దినమని తేల్చింది. చిన్న కాగితపు జెండా. అందులో ఎరుపు సైన్యానిది, ముదురు నీలం ఓడలవాళ్ళది, లేత నీలం విమానాలవాళ్ళది. దాన్ని చొక్కాకు గుచ్చుకొని తోచింది డబ్బాలో వెయ్యాలి. ఆ సొమ్ము యుద్ధంలో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్ళకు, మొగుళ్ళను పోగొట్టుకున్నవాళ్ళకు, మనలాగా ఇల్లు చేరి ఏం చెయ్యాలో తోచనివాళ్ళకు. చరిత్ర ఇంతే. బడికి సెలవివ్వరు కాబట్టి పిల్లలు చప్పట్లు గట్టిగా కొట్టరు, ఏమీ అనుకోకు.

చిక్కంతా విశిష్టత దగ్గరే. దాని సంగతి నన్ను నిలదీసి అడిగింది ముత్తక్క ఒక్కతే.

మన బొజ్జయ్య తల్లి. డెబ్భై ఒకటి డిసెంబరులో మనం ముగ్గురం ఒకే కందకంలో ఉన్నాం. జెండా రోజు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో మనకే తెలియని ఏడాది అది. నీళ్ళు తెస్తానని లేచి వెళ్ళిన బొజ్జయ్య మళ్ళీ రాలేదు. ఆచూకీ లేదని తల్లికి కాగితం వచ్చింది. పోయాడనీ లేదు, ఉన్నాడనీ లేదు.

వాళ్ళ గూడెంలో పోయినవాళ్ళకు ఊరి చివర రాయి నిలబెడతారు. బొజ్జయ్య మేనమామలు వాగు నుంచి మంచి రాయి మోసుకొచ్చారు. ముత్తక్క నిలబెట్టనివ్వలేదు. అది ఆమె గుడిసె ముందే పండుకుని ఉండిపోయింది. ఎండాకాలం దాని మీద ఇప్పపువ్వు ఆరబోసేది. ఊరిపెద్ద ముసలయ్య ఇంకెన్నాళ్ళని ఏటా అడిగేవాడు. పండుకున్న రాయి నిన్ను బువ్వేమన్న అడిగిందా అని ఆమె ఏటా తిప్పికొట్టేది.

మండలాఫీసువాళ్ళు అంటగట్టిన జెండాలు పట్టుకొని ఏటా దుమ్ముగూడెం దారిలో సంతకు పోతాను. నన్ను చూడగానే జనం ఉల్లిగడ్డల కుప్పల వెనక్కి తప్పుకుంటారు. ముత్తక్క మాత్రం వెతుక్కుంటూ వచ్చి ఒకటి తీసుకొని కొప్పులో పెట్టుకునేది. కిందటేడు జెండా ఇవ్వబోతే చెయ్యి చాపలేదు.

"కొడుకా, ఈ పండుగ సచ్చినోళ్ళకా, బతికినోళ్ళకా?" అంది.

ఇద్దరికీ అన్నాను. ముఖ్య అతిథుల జవాబు.

"గట్లనకు. ఒక్కటి చెప్పు. నేను అలిసిన. సచ్చినోళ్ళకైతే చెప్పు, ఇయ్యాల్నే పోయి ఆని రాయి నిలబెట్టిస్త. నేను పోయినంక ఎవలు చూస్తరు?"

పక్కన ఎండుచేపల బుట్టలు, నా చేతిలో గుండుసూదుల డబ్బా. బొజ్జయ్య ఇక రాడని నీకూ నాకూ తెలిసిందంతా నోటిదాకా వచ్చింది.

"బతికినోళ్ళకేనమ్మా" అన్నాను.

నమ్మిందని నేను అనుకోను. "అయితే తే" అని జెండా తీసుకొని కొప్పులో పెట్టుకొని పోయింది. రాయి పండుకునే ఉంది.

నారాయణా, ఇది నీ ఉపన్యాసానికి పనికిరాదు. పిల్లలకు రంగులు చెప్పు, చాలు. ఈ ఏడు సంతకు వేరే ఎవరినైనా చూసుకొమ్మని ఆఫీసులో చెప్పేశాను. ఓపిక లేదు.

ఇట్లు,
నీ బసవపున్నయ్య

తా.క. అసలు సంగతి పైన రాయడానికి చెయ్యి రాలేదు. పోయిన నెలలో ముత్తక్క జ్వరంతో పోయింది. మొన్న ఆమె రాయి నిలబెడుతుంటే నేనూ వెళ్ళాను. డోలు ఆగాక ముసలయ్య దగ్గరికొచ్చి, "తాళ్ళున్నయ్, మనుషులున్నరు. బొజ్జయ్యది గూడ నిలబెడదామా మిలట్రీ సారూ? నువ్వు ఎట్లంటే గట్లనే" అన్నాడు. అందరూ నా వైపే చూశారు. వద్దన్నాను. జేబులో కిందటేటి జెండా ఒకటి మిగిలి ఉంటే, పండుకున్న రాయి మీద ఆకులు తుడిచి, దాన్ని పెట్టి, ఎగిరిపోకుండా పైన ఒక పెంకుముక్క ఉంచాను. బస్సుకు టైమైందని లేచేసరికి ముసలయ్య మేక దాన్ని తినేసింది.