కంతకు అతికించిన ప్లాస్టర్

ఇబ్రా, ఒమన్, 12 నవంబరు 1992

మా వీడియో షాపుకు వచ్చే ఇంగ్లీషు మేడమ్ వెతుకుతున్న పాట ఇవాళ దొరికింది. దీన్ని దొరకడం అనాలో లేదో తెలియడం లేదు.

ఆమె అన్న ఒకప్పుడు వాళ్ల దేశంలో ఒక పాటల గ్రూపులో డ్రమ్స్ వాయించేవాడట. ఇప్పుడు బతికి లేడు. వాళ్లు టీవీలో పాడిన టేపును ఆ టీవీవాళ్లే చెరిపేసి, దాని మీద ఇంకేదో రికార్డు చేసుకున్నారట. బుద్ధిలేని మనుషులని మొన్న కౌంటర్ దగ్గర తిట్టిపోసి, కళ్లు తుడుచుకుంది. వాళ్ల దేశపు ఇంజనీరు ఒకాయన అక్కడి టీవీ నుంచి ఎక్కించుకుని, ఒమన్ వదిలి వెళ్తూ మాకు అమ్మేసిన క్యాసెట్లలో కాపీ ఉంటుందని ఆమె ఆశ.

సాయంత్రం ఒక తెలుగు సినిమా క్యాసెట్ చెక్ చేస్తూ, శుభం పడ్డాక ఆపడం మరిచిపోయాను. తెర మీద గీతలు వచ్చి, నలుపూ తెలుపులో నలుగురు కుర్రాళ్లు కనిపించారు. పాట చివరి అర నిమిషమే. డ్రమ్స్ వాయించేవాడిది అచ్చం మేడమ్ ముక్కే.

క్యాసెట్ తీసి చూశాను. ఎవరూ చెరపకూడదని, దాని మీద మళ్లీ రికార్డు కాకుండా ఆ ఇంజనీరు క్యాసెట్ వెనకనున్న ప్లాస్టిక్ ముక్క విరిచేశాడు. మళ్లీ రికార్డు అయ్యేలా ఆ కంతకు ప్లాస్టర్ అతికించి సినిమా ఎక్కించింది నేనే.

"ఆమెకు సూపియ్యకు అన్నా, మల్ల మనల్నే తిడ్తది," అన్నాడు షాపులో నాతో పనిచేసే మల్లేశం.

"సూపియ్యకుంటె ఎట్లరా?" అన్నాను.

అర నిమిషం చూసి సంతోషిస్తుందా, మిగతాది ఏదని అడుగుతుందా? ప్లాస్టర్ మాత్రం పీకేశాను. లేదంటే రేపు మరిచిపోయి, ఆ అర నిమిషం మీద కూడా ఏదో ఒకటి ఎక్కించేది నేనే.