మైకు తెరిచే ఉందక్కా

పెద్దక్కకు,

పుణె నుంచి తమ్ముడు కోటేశు దణ్ణాలు పెట్టి రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. బావగారు, పిల్లలు కులాసానా? పిడుగురాళ్ల సున్నం బట్టీల దుమ్ముకు నీ దగ్గు ఎక్కువైందని విన్నాను. మందు మానకు. ఫోన్లో చెబితే సగంలోనే ఏడుస్తావని ఇదంతా కంప్యూటర్లో కొట్టి, ప్రింటు తీయించి పంపుతున్నాను.

ఇక్కడ ఒకటే వాన. రోజూ చపాతీలే, నోరు చచ్చిపోయింది. పనికన్నా మీటింగులతోనే నాకు అలుపొస్తోందక్కా. ఇంటి నుంచే పని కాబట్టి అందరం కంప్యూటర్లోనే మాట్లాడుకుంటాం. చూడ్డానికి బాగుందని ఈమధ్య కొత్త యాప్ పెట్టారు. చూపు లేని నాకు తెర మీద ఉన్నది చదివి వినిపించే గొంతు ఒకటుంది కదా, అది ఈ యాప్‌లో ప్రతిదానికీ "బటన్, బటన్" అంటుందే తప్ప ఏది మైకో చెప్పదు.

పోయిన వారం మైకు ఆపాననుకుని వేరేది నొక్కాను. చెవులు నొప్పెడుతున్నాయని హెడ్‌ఫోన్ వైరు కూడా పీకేశాను. సరిగ్గా అప్పుడే కంప్యూటర్లో నీ మెసేజ్ వచ్చింది. ఆ గొంతు మీటింగంతటికీ చదివేసింది: "ఒరేయ్ కోటేశూ, ఏందిరా నీకీ అగచాట్లు? వచ్చెయ్. మీ బావ కొట్లో ఊరికే కూర్చుందువుగాని. నీకు కూడు పెట్టలేనా?"

సిగ్గుతో చచ్చిపోయాను. అదేమిటని అందరూ అడిగారు. మాతో పనిచేసేవాళ్లలో తెలుగు తెలిసింది సుజాత ఒక్కతే. "వాళ్లక్క భోంచేశావా అని అడుగుతోంది" అని సర్దేసింది. చల్లగా ఉండాలి ఆ పిల్ల.

తర్వాత మా లీడర్ ఫోన్ చేశాడు. "మీకెందుకండీ ఇబ్బంది? మీటింగులకు రావద్దు, ఏం మాట్లాడుకున్నామో రాసి పంపుతాం" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! "అందులో నా మాట ఉండదు కదండీ" అన్నాను. వేరే యాప్ వెతుకుతాను, కొంచెం గడువివ్వమన్నాను.

సుజాత వాళ్లింట్లో, నేను నా గదిలో కూర్చుని దొరికినవన్నీ చూశాం. ఒకదానిలో ఎవరు వచ్చినా గంట మోగి, చదివే గొంతు వినపడదు. ఇంకొకటి మధ్యలో బిగుసుకుపోతుంది. చివరికొకటి దొరికింది. "చూడ్డానికి దరిద్రంగా ఉందండీ" అంది సుజాత. కానీ అది "మైకు ఆగింది", "మైకు తెరిచారు" అని స్పష్టంగా చెబుతుంది. నాకింకేం కావాలి?

నిన్న మీటింగు అందులోనే జరిగింది. రంగుల్లేవని ఇద్దరు సణిగారు. లీడర్ "ప్రస్తుతానికి ఇదే కానీండి" అన్నాడు. నా వంతు వచ్చినప్పుడు చెప్పాల్సింది చెప్పాను. చానా అలిసిపోయానక్కా, కానీ చెప్పాను.

వీలైతే ఒక సీసా కొరివికారం పచ్చడి పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

కోపం తెచ్చుకోకుండా ఒక్క మాట విను. మా లీడర్ మీటింగుకు రావద్దన్నదీ, నువ్వు వచ్చెయ్యమన్నదీ నాకు ఒక్కలాగే వినపడ్డాయి. ఇద్దరూ నా మీద జాలితోనే నన్నొక మూల కూర్చోబెడుతున్నారు. ఆయనకు జవాబు చెప్పగలిగాను. నీకు చెప్పడానికే ఇన్నాళ్లు పట్టింది. ఇక రమ్మనకక్కా. దీవించు.

నీ తమ్ముడు,
కోటేశు