ఫొటోలోని కత్తి

ప్రాసిక్యూటర్ గారికి,

నమస్కారం. ఐటీ ఉద్యోగిని పొడిచాడని మీరు శిక్ష వేయించిన రఘునందన్ భార్యను. ఆయన సినిమాల్లో ఫైటర్.

మీ సాక్షి, టీకొట్టు వెంకటనర్సయ్య, మొన్న కృష్ణానగర్‌లో మా గదికొచ్చాడు. “జైల్ల గుర్తుపట్టుడుకు పోకముందే పోలీసు సారు నాకు మీ ఆయన ఫొటో చూపిండమ్మా. చేతిల కత్తి ఉండె. వీన్నే చూపియ్యాలె అన్నడు,” అని చెప్పాడు. అది ఫిల్మ్ నగర్ షూటింగులో రౌడీ వేషంలో తీసిన ఫొటో. ముందే ఫొటో చూపిన సంగతి మీరు కోర్టుకు చెప్పలేదు.

ఇప్పుడేమో, నేరం ఒప్పుకుని క్షమాభిక్ష అర్జీ పెడితే త్వరగా విడిపిస్తానని కబురు పంపారు. పెట్టం. వెంకటనర్సయ్య హైకోర్టులో మా అప్పీలుకు అఫిడవిట్ ఇస్తున్నాడు.

ఆ ఫొటోలోని కత్తి మా ఇంట్లోనే ఉంది. చెక్కకు వెండిరంగు పూశారు. మా పాప చిన్ని దాంతో ఆడుకుంటుంది. విచారణకు తెస్తాను. మీరూ రండి, చేత్తో పట్టుకుని చూద్దురుగాని.

ఇట్లు,
చిన్ని వాళ్లమ్మ