ఫిల్టర్‌లో చిక్కిన ఒడిబియ్యం

భూపాలపల్లి,
ఆదివారం.

అన్నకు, వదినకు మీ చెల్లె సరిత నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. మీరెట్లా ఉన్నారు? నాయిన మోకాలి నొప్పి తగ్గిందా? నెల్లికుదురులో నాట్లు మొదలయ్యాయా? ఇక్కడ రోజూ మబ్బు పడుతుంది గానీ ఉక్కపోత పోవడం లేదు. ఇటు ఎవరైనా వస్తుంటే ఇంటి కారం కొంచెం పంపించు. ఇక్కడిది చూడ్డానికే ఎర్రగా ఉంటుంది, నాలుకకు తగలదు.

దినాం ఫోన్లో మాట్లాడుతూ ఈ ఉత్తరమేంటని నవ్వకన్నా. రెండు గదుల ఇల్లు కదా, నేనేం మాట్లాడినా అత్తమ్మకు వినపడుతుంది. ఇది ఆమె సంగతి. కాదు, నా సంగతే.

ఆయన గని డ్యూటీకి పోతే ఈ కొత్త ఊళ్లో నాకూ అత్తమ్మకూ ఒకరికొకరమే తోడు. చుట్టుపక్కల వాళ్లతో ఇప్పుడిప్పుడే మాటలు కలుస్తున్నాయి. ఆయన బట్టల బొగ్గుమసి చేత్తో ఉతికితే వదలదని నువ్వు వాషింగ్ మెషిన్ కొనిచ్చావు చూడు, అదొచ్చాక నా నడుముకు ప్రాణం లేచొచ్చింది. అది మొన్నామధ్య ఆగిపోయింది. నీళ్లు బయటికి పోవు, తలుపు తెరుచుకోదు. అత్తమ్మకు వక్కలు, సోంపు పొట్లం కొంగున కట్టుకునే అలవాటు. నాకింకేం తోచలేదు. పక్కింటామె చూస్తుండగానే అనేశాను: "నీ వక్కలు, నీ పొట్లాలు కొంగులనే ఉంచి మిషన్ల పడేస్తే గిట్లనే ఖరాబైతది అత్తమ్మా. జర చూసి ఏస్తే ఏం పోతది?"

ఆయన ఎట్లాగో బట్టలు బయటికి తీశారు. ఆ రోజు నుంచి అత్తమ్మ తన చీరలు తనే వెనకాల బండ మీద ఉతుక్కుంటోంది. పిండేటప్పుడు వేళ్లు ముడుచుకోవు, చీర మోకాళ్ల మధ్య పెట్టుకుని పిండుతుంది. చూస్తూ కూడా నేను ఊరుకున్నాను. తర్వాత జనగామలో మా ఆడబిడ్డ దగ్గరికి పోతానని కొడుకుతో చెప్పింది. ఆయన, బిడ్డ మీద మనసైంది కాబోలు అనుకున్నారు. కారణం నాకు తెలుసు.

మొన్న ఫోన్లో వీడియో చూసి నేనే మెషిన్‌కు కూర్చున్నాను. ప్లగ్గు పీకి, కింద మూలన ఉన్న చిన్న మూత తీసి, పళ్లెం పెట్టి, ఫిల్టర్‌ను ఎడమకు తిప్పాను. మురుగునీళ్లు కారాయి. వాటి వెంట బొగ్గుమసి, వెంట్రుకలు, ఒక గుండీ. ఆ వెనక ఉబ్బిపోయిన పసుపుపచ్చటి బియ్యం.

వదినా, నీకు అర్థమయ్యే ఉంటుంది. ఒడిబియ్యం పోసి సాగనంపేటప్పుడు కొత్త చీర కొంగుకు పిడికెడు గింజలు ముడివేశావు కదా. ఇంటికొచ్చి విప్పుతాననుకుని మరిచిపోయాను. ఆ ముడితోనే చీర మెషిన్‌లో వేశాను. వక్క ముక్క ఒక్కటి లేదు వదినా. నా పుట్టింటి గింజలే అడ్డం పడ్డాయి.

అత్తమ్మ వెనకే నిలబడి ఉందని నాకు తెలీదు. పళ్లెం దాచబోతే కాలి కింద రెండు గింజలు పడ్డాయి. "ఒడిబియ్యం తొక్కొద్దు బిడ్డా," అని వంగి ఏరింది. గింజలు కడిగి గోడ మీద పిట్టలకు పోసి వచ్చింది. సిగ్గుతో నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఫిల్టర్‌ను పాత బ్రష్‌తో రుద్ది, కడిగి, బిగించాను. మెషిన్ తిరుగుతోంది. ఇక నెలకోసారి కడగాలట, కడుగుతాను. నిన్న పొద్దున బట్టలు వేస్తూ, "నీ చీర ఇయ్యి అత్తమ్మా," అన్నాను. ఇచ్చేముందు కొంగు రెండు చేతులా చాపి నా ముందు దులిపింది. "చూస్కో బిడ్డా, ఏం లేదు," అన్నది.

కోపంతో అనలేదన్నా. నిజంగానే నాకు చూపించింది. దానికంటే కొట్టినా బాగుండేది. తప్పు నాదని చెప్పకుండానే చీర తీసుకుని మెషిన్‌లో వేశాను. ఆమె సంచి సర్దుకుని తలుపు పక్కన పెట్టుకుంది. రేపు జనగామ బస్సెక్కుతుందట.

అందుకే ముందు నీకు రాస్తున్నాను. రాసి పోస్టు డబ్బాలో వేశాక ఇక వెనక్కి తీసుకోలేను. ఇది వేసి వచ్చి, పక్కింటామెను కూడా పిలిచి, ఆమె ముందరే అత్తమ్మకు చెప్తాను. ఆ మాట అన్నప్పుడు ఆమె కూడా విన్నది కదా.

నాయినకు, ఊళ్లో పెద్దలకు నా దండాలు చెప్పండి. అత్తమ్మ ఆగేటట్టు నన్ను దీవించండి.

మీ చెల్లె,
సరిత